ఎవరికి తెలియని చరిత్ర?

ఇంగ్లీషు 'నాలెడ్జ్'కి మనం వెంటనే రాసే మాట 'జ్ఞానం'. తెలివిడి, ఎరుక పర్యాయపదాలే అయినా వాటికి ఆ హోదా లేదు. తెలంగాణలో 'నాకెరుక' రోజూ వినిపించే మాటే. స్త్రీల ఎరుకను మాత్రం జ్ఞానంగా లెక్కించం.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' శీర్షిక ఈ లెక్కనే ప్రశ్నిస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో తామేం చేశారో ఆ స్త్రీలకు ఎరుకే. తెలియనిది చదువుకున్న మనకి. 1989 నాటి ఇంగ్లీషు శీర్షికలో 'చరిత్రను నిర్మిస్తూ ఉన్నది మేమే' అనే అర్థం వచ్చింది. అక్కడ చెప్పేవాళ్లకు కర్తృత్వం దక్కింది కానీ, వినేవాళ్ల అజ్ఞానం ప్రస్తావన పోయింది. స్త్రీల మాటల్ని 'ఆధారాలు'గా వాడుకుంటూ జ్ఞానమని ఒప్పుకోని మన పరిశోధనలకు ఆ తెలుగు శీర్షికే ఇప్పటికీ అవసరం.