అసలు నింటెండో కన్నా నకలు కాంట్రాయే మిన్న

బెంగళూరులో పాత వీడియో గేమ్‌ల అభిమానులు నలుగురు కూడితే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ఆడితే ఒరిజినల్ మీదే ఆడాలి. ఒరిజినల్ అంటే నింటెండో 1983 జులైలో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్, లేదా 1985లో అమెరికా కోసం పైతొడుగు మార్చి పెట్టిన ఎన్‌ఇఎస్. 1990లలో ఎస్పీ రోడ్డు, నేషనల్ మార్కెట్ లాంటి చోట్ల దొరికిన నకలు యంత్రాల (క్లోన్‌ల) మాటెత్తితే వాళ్లు నవ్వేసి ఊరుకుంటారు. చిన్నప్పుడు గతిలేక ఆడాం, ఇప్పుడు స్తోమత ఉంది కదా అని విదేశాల నుంచి అసలు యంత్రాన్ని తెప్పించుకుంటారు. తీరా ఆడుతుంటే ఏదో తేడా కొడుతుంది. వయసైపోయింది, చేతులు మునుపట్లా లేవు అని సర్దిచెప్పుకుంటారు.

తేడా చేతుల్లో లేదు, యంత్రంలో ఉంది. నకలు మీద మనం ఆడిన ఆట, అసలు మీద ప్రపంచం ఆడిన ఆట వేర్వేరు. పక్కపక్కన పెట్టి చూస్తే కొన్నిచోట్ల నకలే గెలుస్తుంది. ముఖ్యంగా కాంట్రాలో.

ముందు యంత్రాల సంగతి. జపాన్ ఫామికామ్‌కి తాళం లేదు. 60 పిన్నుల కేసెట్ ఎవరు తయారుచేసినా అందులో ఆడుతుంది. అమెరికా ఎన్‌ఇఎస్‌కి వచ్చేసరికి నింటెండో జాగ్రత్తపడి, పిన్నులను 72 చేసి, లోపల ఒక కాపలా చిప్ పెట్టింది. కంపెనీ అనుమతి లేని కేసెట్ పెడితే యంత్రం మొరాయిస్తుంది. పైగా ఒక్కో ప్రచురణకర్త ఏడాదికి ఐదు ఆటలకు మించి తేకూడదన్న షరతు. తైవాన్‌కి చెందిన యుఎంసీ లాంటి సంస్థలు నకలు చిప్‌లు చేసింది ఆ తాళం లేని జపాన్ నమూనాకే. అక్కడి నుంచి క్లోన్‌లు రష్యాకి డెండీగా వెళ్లాయి, మన దగ్గరికి మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో వచ్చాయి.

ఈ నకలు చిప్‌లు ఎదుర్కోవలసిన చిక్కు ఒకటుండేది. అప్పట్లో జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ గీసేవి. మనది పాల్ పద్ధతి, 50 సార్లే. ఆ కాలపు ఆటలు గడియారం చూసి నడవవు, బొమ్మ గీసిన ప్రతిసారీ ఒక అడుగు వేస్తాయి. కాబట్టి 60 అడుగుల కోసం రాసిన ఆట మన టీవీలో 50 అడుగులే వేసింది. అంటే దాదాపు 17 శాతం నెమ్మది. సూపర్ మారియోలో తెర మీద కనిపించే టైమ్ 24 బొమ్మలకు (ఫ్రేములకు) ఒక అంకె చొప్పున తగ్గుతుంది. 400 నుంచి సున్నాకి రావడానికి జపాన్‌లో 160 సెకన్లు పడితే, మన పాల్ క్లోన్ మీద 192 సెకన్లు పట్టేది.

సంగీతం సంగతి ఇంకా తమాషా. ఐరోపాలో నింటెండో అధికారికంగా అమ్మిన పాల్ యంత్రంలో ప్రాసెసర్ వేగం కూడా తగ్గింది. దాంతో, ప్రత్యేకంగా సరిదిద్దని ఆటల్లో శ్రుతీ దిగింది, లయా మందగించింది. డెండీ తరహా క్లోన్‌లలో ప్రాసెసర్ వేగం 1.77 మెగాహెర్ట్జ్, జపాన్ యంత్రంలో 1.79. శ్రుతి దాదాపు చెక్కుచెదరలేదు, లయ మాత్రమే నెమ్మదించింది. ఈ కలయిక అటు అసలుదీ కాదు, ఇటు ఐరోపాదీ కాదు. నకలుకే సొంతం.

ఇప్పుడు కాంట్రా. కొనామీ 1987లో దీన్ని నాణెం వేసి ఆడే పెట్టెల కోసం చేసింది, మరుసటి ఏడాది ఇళ్లలోకి తెచ్చింది. ఒంటికి ఒక్క తూటా తగిలితే ప్రాణం పోతుంది, ఉండేది మూడు లైఫ్‌లు. నాణెం పెట్టెకి ఆ లెక్క సరిపోతుంది. ఆటగాడు ఎంత త్వరగా చస్తే దుకాణదారుకి అంత లాభం. ఇంట్లో నాణేలు లేవు, అయినా ఆ కరకు లెక్క అలాగే ఉండిపోయింది. కొనామీ వాళ్లకూ ఇది తెలుసు. పైకి రెండు, కిందికి రెండు, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఎ అని నొక్కితే 30 లైఫ్‌లు ఇచ్చే దొంగదారిని వాళ్లే పెట్టారు. అంతకుముందు గ్రేడియస్ ఆటను పరీక్షించడానికి కజుహిసా హషిమోతో కూర్చుకున్న మీటల వరస అది.

నకలు ఈ దొంగదారిని రాజమార్గం చేసింది. కొన్ని కేసెట్లలో ముందే ఎన్ని లైఫ్‌లు కావాలో, ఏ స్టేజి నుంచి మొదలుపెట్టాలో ఎంచుకునే పట్టీ ఉండేది. రిమోట్‌లో ఎ, బి మీటల పక్కనే టర్బో మీటలు ఉండేవి. అసలు యంత్రంలో ‘ఎస్’ గన్‌తో గుప్పిళ్లకొద్దీ తూటాలు కురిపించాలంటే బొటనవేలు నొప్పెట్టేదాకా బి నొక్కుతూనే ఉండాలి, నకల్లో టర్బో నొక్కి పట్టుకుంటే చాలు. దీనికి ఆ 17 శాతం నెమ్మది తోడైతే ఎదురొచ్చే తూటాని చూసి తప్పుకోవడానికి కంటికి, చేతికి కాస్త వ్యవధి దొరికింది.

దీన్ని మోసం అంటారు శుద్ధవాదులు. కష్టం తగ్గితే కాంట్రాలో ఇంకేం మిగిలిందని అడుగుతారు. జవాబు మూడో స్టేజిలో, జలపాతం దగ్గర ఉంది. అక్కడ తెర పైకి జరుగుతుంది. ఇద్దరిలో ఒకరు ముందుగా ఎక్కితే కింద మిగిలినవాడు తెర అంచు తగిలి చస్తాడు. మూడు లైఫ్‌లతో ఆడే అసలు కాంట్రాలో అన్న నీలం, తమ్ముడు ఎరుపు అయితే, తమ్ముడి ఆట చాలాసార్లు ఆ జలపాతం దగ్గరే ముగుస్తుంది. మిగతా అయిదు స్టేజిలూ వాడు ప్రేక్షకుడే. 30 లైఫ్‌లుంటే అన్న వెనక్కి చూసి ఆగుతాడు, ఆగకపోతే తిట్లు తింటాడు, తమ్ముడు మళ్లీ పైనుంచి ఊడిపడతాడు, చివరిదాకా ఇద్దరూ ఉంటారు. కాంట్రాలోని గొప్పతనం ఇద్దరు ఒకే తెర మీద, ఒకే తొందరలో ఉండటం. ఆ గొప్పతనాన్ని అసలు కేసెట్ అరకొరగా ఇచ్చింది, నకలు పూర్తిగా ఇచ్చింది. కష్టం కోసమే ఆడే ఒంటరి ఆటగాడికి అసలే మేలు, ఒప్పుకుంటాను. కానీ మన ఇళ్లలో కాంట్రా ఆ ఒంటరి ఆటగాడి మీద బతకలేదు.

ఇంకో పోలిక చూడండి. ఐరోపాలో నింటెండో యంత్రానికి ఈ ఆట 1990లో ప్రోబోటెక్టర్ పేరుతో వచ్చింది. జర్మనీ నిబంధనలకు జడిసి మనుషుల్ని తీసేసి మరబొమ్మల్ని పెట్టారు. టీవీ పద్ధతిలో మనమూ ఐరోపా వరసలోనే ఉన్నా నకలు పుణ్యాన మనకి మనుషులే దక్కారు. జపాన్ మనుషులు, ఐరోపా నడక, తైవాన్ చిప్, చిటికెలో 30 లైఫ్‌లు. అధికారిక కేసెట్ ఏదీ ఈ కాంట్రాని అమ్మలేదు.

మారియో దగ్గరికొస్తే తీర్పు తిరగబడుతుంది. 1985 నాటి ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. అంత ఇరుకులో షిగెరు మియమోతో, తకాషి తెజుకా ఎనిమిది లోకాలు, 32 స్టేజిలు పేర్చారు. దాని ప్రాణం పరుగులో ఉంది. బి నొక్కి ఊపు తెచ్చుకుని, ఆ ఊపుతో గుంత దాటి, గాల్లోనే దిశ సర్దుకోవాలి. వేగం తగ్గితే ఆ ఊపు చప్పబడుతుంది. ఈ సంగతి నింటెండోకి తెలుసు కాబట్టే, ఐరోపా టీవీల కోసం మారియో నడకను మళ్లీ లెక్కకట్టి వేగం పెంచింది. మన క్లోన్‌లో ఆడింది సరిదిద్దని జపాన్ ప్రతి. మనం ఆడిన మారియో నీళ్లలో నడుస్తున్నట్టే ఉండేవాడు. మొదటి స్టేజిలో ఒక్క మాట చెప్పకుండా శత్రువుని, పుట్టగొడుగుని, గుంతని వరసగా పరిచయం చేసే తీరు ఆ ఆటకి అందం. లక్షల్లో ఆటలున్నాయని చెప్పుకుని, ఒకే ఆటని వేర్వేరు స్టేజిల నుంచి మొదలుపెట్టించే మల్టీ కేసెట్ ఆ పాఠాన్ని ముక్కలు చేసింది. మారియో కోసమైతే ఒరిజినల్ కొనుక్కోండి, డబ్బు వృథా కాదు.

యంత్రం నిర్మాణంలో మాత్రం నకలుదే పైచేయి. 1983లో అమెరికా వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలాక, నింటెండో తన పెట్టెని ఆటవస్తువులా కనిపించకుండా వీసీఆర్‌లా మలిచింది. కేసెట్‌ని ముందునుంచి తోసి కిందికి నొక్కాలి. ఆ ఏర్పాటులో పిన్నులు వదులై, కాపలా చిప్ అనుమానపడి, తెర మిణుకుమిణుకుమనడం ఎన్‌ఇఎస్ జాతకంలోనే ఉంది. క్లోన్‌లు ఫామికామ్ దారిలో కేసెట్‌ని పైనుంచి నిలువుగా దింపుకున్నాయి. మనమంతా నోటితో ఊదింది దండగే. తీసి మళ్లీ పెట్టడమే మందు, ఊదితే తేమ చేరి పిన్నులు తుప్పు పడతాయి.

నకలు చేసిన పెద్ద నష్టం ఆటలో లేదు, ఆటల జాబితాలో ఉంది. 1987లో అమెరికాకి వచ్చిన లెజెండ్ ఆఫ్ జెల్డా కేసెట్‌లో ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవడానికి బ్యాటరీ ఉంది. అలాంటిదే ఫైనల్ ఫాంటసీ, అదే ఏడాది జపాన్‌లో వచ్చింది. బ్యాటరీ ఖర్చు పెట్టని చవక మల్టీ కేసెట్లు చిన్న ఆటల్నే నింపుకున్నాయి: బ్యాటిల్ సిటీ, రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ. పైగా చేతిపుస్తకం లేదు. కాంట్రా కథ జపాన్ ప్రతిలో 2633వ సంవత్సరంలో జరుగుతుందని తెలియకపోయినా మనకేం తగ్గలేదు. జెల్డాకి మాత్రం పటం, పుస్తకం ఆటలో భాగాలు. అందుకే మన తరంలో చాలామందికి ఎనిమిది బిట్ల ఆటంటే దూకడం, కాల్చడం. నెలల తరబడి తిరిగి, గుర్తుపెట్టుకుని, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టే ఆట కూడా అదే యంత్రంలో పుట్టిందని తెలియలేదు. నకలు మీద నేను మోపే అసలు నేరం ఇది.

సొంతదనం మాటకొస్తే ఇంకో అప్రియమైన పోలిక. 2009లో హైదరాబాద్‌కి చెందిన అరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది. పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి ప్లేస్టేషన్ 2 ఆట అది. దేవుణ్ణి రిమోట్‌తో ఆడించడమేమిటని విదేశాల్లోని కొందరు అభ్యంతరం చెప్పారు. నాకు అభ్యంతరం వేరేచోట. కథ మనది, ఆట తీరు ఎక్కడైనా చూసే పరుగు, దూకుడు, దెబ్బల వరసే. దీనికి భిన్నంగా కాంట్రా కథ మనది కాదు, చేసిన చేతులు మనవి కావు. మన టీవీ దాని లయ మార్చింది, మన బజారు దాని నియమాలు మార్చింది, మన ఇళ్లు దాన్ని ఇద్దరి ఆట చేశాయి. ఏది ఎక్కువ మనదంటే నా ఓటు కాంట్రాకే.

ఈ తీర్పు నమ్మకపోతే పరీక్షించే దారి ఉంది. పాత యంత్రాన్ని కంప్యూటర్లో అనుకరించే మెసెన్, ఎఫ్‌సీఈయూఎక్స్ లాంటి ఎమ్యులేటర్లలో ప్రాంతం ఎంచుకునే చోట ఎన్‌టీఎస్‌సీ (జపాన్, అమెరికాల 60 బొమ్మల పద్ధతి), పాల్‌తో పాటు డెండీ అనే మూడో వరస ఉంటుంది. రష్యా అభిమానులు తమ నకలుకి సంపాదించుకున్న గౌరవం అది. బెంగళూరు సేకర్తలు విదేశీ పెట్టె కోసం డబ్బు పోసేముందు ఆ వరస ఎంచి, లైఫ్‌లు 30 పెట్టి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని కాంట్రా ఆడాలి. తర్వాత ఎన్‌టీఎస్‌సీకి మార్చి, మూడు లైఫ్‌లతో ఆడాలి. రెండో ఆట కొనామీ చేసిన ఆట, దాన్ని గౌరవించడంలో తప్పులేదు. కాకపోతే మన జ్ఞాపకం పేరు చెప్పి దాన్ని కొనకూడదు. మన జ్ఞాపకం మొదటి ఆటలో ఉంది.