హాబ్సన్-జాబ్సన్, ఆశన్న-ఊశన్న

మొహర్రం పదో రోజు మావాళ్లు "యా హసన్! యా హుసేన్!" అని గుండెలు బాదుకుంటారు. 680లో కర్బలా ఎడారిలో నీళ్లు దొరక్కుండా చేసి చంపిన ప్రవక్త మనవడి కోసం ఏడుపు అది. ఈ ఏడుపు బ్రిటిష్ సిపాయి చెవిన పడి 'హాబ్సన్-జాబ్సన్' అయింది. ఆ రెండూ వాళ్ల ఊళ్లలో మామూలు ఇంటిపేర్లు. మా మాతం వాడికి తమాషా.

అక్కడితో ఆగితే సిపాయి మోటుతనం అనుకుని ఊరుకునేవాళ్లం. కానీ హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ అనే ఇద్దరు పండితులు ఇండియాలో ఇంగ్లీషువాళ్లు వాడే మాటలన్నిటినీ కూర్చారు. 1886లో అచ్చయిన ఆ నిఘంటువుకు పెట్టిన పేరు 'హాబ్సన్-జాబ్సన్'. రచయితలు ఇద్దరు కాబట్టి జంటపేరు బాగా కుదిరిందని యూల్ ముందుమాటలో మురిసిపోయాడు కూడా. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో ఆయనకు తెలుసు. పుస్తకం లోపల ఆయనే వివరించాడు. తెలిసీ పెట్టాడు. ధిక్కారం అంటే ఇదే. తిట్టనక్కర్లేదు, ఎదుటివాడి దుఃఖాన్ని ముద్దుపేరుగా వాడుకుంటే చాలు.

మాటల పుట్టుక కోసం నేనూ ఆ పుస్తకం తిరగేస్తాను. ఆ పాండిత్యానికి సలాం చేస్తాను. అట్టమీద పేరుకు మాత్రం చేయలేను.

ఇంగ్లీషుకు ఇది కొత్త కాదు. 'మామెట్' అని పాత ఇంగ్లీషు మాట ఒకటుంది. విగ్రహం, బొమ్మ అని అర్థం. పుట్టింది మా ప్రవక్త పేరునుంచి! విగ్రహారాధన వద్దన్నవాడి పేరే విగ్రహానికి పెట్టారు. 'రోమియో అండ్ జూలియట్'లో తండ్రి కూతుర్ని తిట్టేది ఆ మాటతోనే.

మరి తెలంగాణ పల్లెలో ఏం జరిగింది? పీర్ల పండుగకు అలావా చుట్టూ ఆడే రైతుకూ, మాదిగకూ, సాలెకూ అరబ్బీ నోరు తిరగలేదు. హసన్ ఆశన్న అయ్యాడు, హుసేన్ ఊశన్న అయ్యాడు. ఉచ్చారణ ఇక్కడా పోయింది. కానీ పేరు చివర 'అన్న' చేరింది. మొక్కుకుని పుట్టిన బిడ్డలకు హుస్సేనయ్య, పీరయ్య అని పేర్లు పెట్టుకున్నారు. పరాయి మాట మన నోటికి తగ్గట్టు మారడాన్ని భాషాశాస్త్రంలో 'హాబ్సన్-జాబ్సన్ సూత్రం' అంటారు. నన్నడిగితే సూత్రాలు రెండు. ఒకటి నవ్వడానికి వంకర చేసేది, రెండోది కలుపుకోడానికి వంకర చేసేది.

ఇవాళ ఇంగ్లీషు పత్రికలు మా మాటలు వంకర చేయవు. జిహాద్, ఫత్వా, మదర్సా - స్పెల్లింగు శుద్ధంగా ఉంటుంది. ప్రయాస అనే మాట బాంబుగా, న్యాయ సలహా అనే మాట మరణశిక్షగా, బడి అనే మాట అనుమానంగా మాత్రం మారిపోతాయి. చెవి బాగుపడింది, చూపు బాగుపడలేదు. పొద్దున ఆ హెడ్డింగు చదివినవాడు సాయంత్రం నాకు ఇల్లు అద్దెకివ్వడు.

ఇంతా చెప్పాక మా ఇంటివైపూ చూసుకోవాలి. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల తమ్ముడు సలాం సరిగ్గా పలకలేకపోతే, ఉర్దూ వచ్చిన మేం ఎన్నిసార్లు మొహమొహాలు చూసుకుని నవ్వలేదు? అప్పుడు మా నోట్లో ఉన్నది ఉర్దూ కాదు. హాబ్సన్-జాబ్సనే.