పీటర్ ఒంట్లో ఆక్టోపస్

2012 డిసెంబర్‌లో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 700వ సంచికలో పీటర్ పార్కర్ చచ్చిపోతాడు. అదీ తన ఒంట్లో కాదు, డాక్టర్ ఆక్టోపస్ ఒంట్లో. పీటర్ ఒంట్లోకి దూరిన విలన్ ఒట్టో మాత్రం బతికిపోతాడు. పోయేముందు పీటర్ తన జ్ఞాపకాలన్నీ ఒట్టో మీదకి వదుల్తాడు, అంకుల్ బెన్ చావుతో సహా. దాంతో ఒట్టోకి పంతం పుడుతుంది: నీకంటే గొప్ప స్పైడర్‌మ్యాన్‌ని అవుతా అని. డాన్ స్లాట్ నడిపిన ‘సుపీరియర్ స్పైడర్‌మ్యాన్’ 31 సంచికలూ ఈ పంతం కథే.

మన ‘ఇస్మార్ట్ శంకర్’ (2019)లోనూ చనిపోయిన ఆఫీసర్ జ్ఞాపకాలు ఒక రౌడీ తలకెక్కుతాయి. అక్కడ జ్ఞాపకం దాదాపు పెన్‌డ్రైవ్ లాంటిది, అందులోంచి కేసు వివరాలు బయటికి రావాలి. స్లాట్ దగ్గర జ్ఞాపకం అంటే అప్పు. బతుకు దొంగిలిస్తే దాని బాకీలూ నెత్తిన పడతాయి. ఒట్టో పీటర్ వదిలేసిన డాక్టరేట్ పూర్తి చేస్తాడు, కంపెనీ పెడతాడు, ఊరంతా చిన్న రోబోలతో కాపలా పెట్టిస్తాడు. మా మేనేజర్లు చూస్తే వెంటనే ప్రమోషన్ ఇచ్చేస్తారు. అదే ఒట్టో, ఆయుధం పోగొట్టుకున్న హంతకుణ్ణి కాల్చి చంపుతాడు. లెక్కలన్నీ బాగున్నాయి, దయకి మాత్రం కాలమ్ లేదు. కథలో నాకు నిజంగా భయమేసింది ఇక్కడే.

నాకు మింగుడుపడనిది చుట్టూ ఉన్నవాళ్ళ చెవుడు. ఒట్టో అందరినీ పండితుడిలా, నోటికొచ్చినట్టు తిడుతుంటాడు. కార్లీ కూపర్ ఒక్కతే గట్టిగా వెంటపడుతుంది. అవెంజర్స్ అయితే పరీక్షలు చేసి మరీ వదిలేస్తారు! ఉదయగిరి మనిషి ఆత్మకూరు బస్టాండులో ‘ఏందబయా’ మానేసి ‘మిత్రమా’ అన్నాడనుకోండి, టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపే పట్టేస్తారు. నేను విన్న విక్రమార్కుడి పరకాయ ప్రవేశం కథలో కూడా, రాజు చిలకలో ఉండిపోతే, రాజు ఒంట్లో దూరినవాణ్ణి రాణి వెంటనే అనుమానిస్తుంది. ముఖం చూసి కాదు, తీరు చూసి. మేరీ జేన్‌కి ఆ పాటి తెలివి ఇవ్వకపోవడం అన్యాయం. తన పక్కనున్నది ఎవరో తెలియని ఆడమనిషి ఇష్టానికి విలువేంటి అని అప్పట్లో పాఠకులు గొడవ చేశారు, సరిగ్గానే చేశారు.

2014 ఏప్రిల్‌లో వచ్చిన చివరి సంచికల్లో, తను ప్రేమించిన అన్నా మరియాని పీటరే కాపాడగలడని ఒట్టోకి అర్థమవుతుంది. తనని తాను చెరిపేసుకుని ఒళ్ళు తిరిగిచ్చేస్తాడు. పీటర్ వచ్చాడని మనమంతా ఊపిరి పీల్చుకుంటాం. అన్నా మరియా ఎదుట మాత్రం ఆమె ప్రేమించినవాడి ముఖంతో పరాయివాడు నిలబడి ఉంటాడు. ఆమె వైపు నుంచి ఇంకొక్క సంచిక రాసుండాల్సింది స్లాట్.