పాదు పెట్టే చేతులు

ఆషాఢంలో పెట్టిన పాదుచిక్కుడు కార్తీకం వచ్చేదాకా పువ్వు చూపించదు. తీగ పందిరంతా అల్లుకుంటుంది, ఆకు దట్టమవుతుంది, అంతే. కొత్తగా పెరడు పెట్టినవాళ్లు ఇక్కడే ఓపిక చచ్చి పీకేస్తారు. మా గోదావరి వైపు పెద్దమ్మలు మాత్రం నిశ్చింతగా ఉంటారు. పొద్దు కురచబడితే గాని అది పూయదని వాళ్లకు తెలుసు. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే ఆ మొక్క పూతకొస్తుందని వృక్షశాస్త్రం చెప్పే సంగతిని వాళ్లు పండగలతో లెక్కకట్టుకున్నారు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టాలంటే విత్తు ఎప్పుడు పడాలో వాళ్లనడగండి, వేళ్ల మీద చెబుతారు.

పెరటి పనిని ఆడవాళ్ల కాలక్షేపమని తేల్చేసేవారితో నాకు సర్దుబాటు కుదరదు. ఇంత నిశితమైన సేద్యాన్ని పెద్ద కమతాల్లోనూ నేను చూడలేదు.

పాదు తవ్వడంలోనే పనితనం తెలుస్తుంది. మూరెడు లోతు గొయ్యి, అందులో ఎండుటాకులు, చివికిన పశువుల గెత్తం, పొయ్యిలో బూడిద. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాక గింజలు. కాకర, పొట్ల గింజల పెచ్చు గట్టిది కాబట్టి ముందు రాత్రి నానబెడతారు. నాలుగు మొలిస్తే బలమైన రెండే ఉంచుతారు. మొలిచినదాన్ని పీకడానికి చెయ్యి రానివాళ్ల పాదు ఆకుతోనే సరిపెడుతుంది. పందిరి కింద నడిస్తే తల తగలకూడదు, చెయ్యి చాపితే కాయ అందాలి.

కాపు మొదలయ్యాక చూడాలి వాళ్ల ప్రతిభ! సొర, పొట్ల పొద్దువాలాక తెల్లగా విచ్చుకుంటాయి, గుమ్మడి తెల్లవారుజామున. పిందె మీద కూర్చున్నది ఆడపువ్వు, ఉత్త కాడ మీదిది మగపువ్వు. ముసురు పట్టి తేనెటీగలు రాని రోజుల్లో గుమ్మడి మగపువ్వు కోసి, రేకులు తీసి, ఆడపువ్వుకు అద్ది పిందె నిలబెట్టిన ఇల్లాళ్లను ఎరుగుదును. పొట్లకాయ మెలి తిరుగుతుంటే కొసకు చిన్న రాయి కట్టి బారుగా దించుతుంది మా వీధి ముసలమ్మగారు. ఆవిడ పందిరి కింద నిలబడితే ఎవరికైనా మాట రాదు. చిక్కుడుకు పేను పడితే పొద్దున్నే మంచు తడి ఆరకముందే జల్లించిన బూడిద చల్లుతుంది. మల్లెకు మార్గశిరంలో నీళ్లు ఆపేసి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసేస్తుంది. చూసినవాళ్లు చెట్టు పోయిందనుకుంటారు. మాఘంలో మొదలు గుల్లచేసి, గెత్తం వేసి, తడి పెడితే చైత్రానికి ఊరంతా ఆ ఇంటి వాసనే. వంటింటి నీళ్లు పారేచోట అరటి, కంద, చేమ, బచ్చలి. కందబచ్చలి కూర రుచిలో సగం ఆ మడిదేనని నా నమ్మకం.

మన పెరటి మొక్కల్లో సొర ఆఫ్రికా నుంచి వచ్చిందంటారు. మిరప, టమాటా అమెరికా ఖండాలవి, పోర్చుగీసు ఓడల మీద దిగాయంటారు. ఎలా వస్తేనేం, మనవైపోయాయి.

అసలు ఘనత విత్తనంలో ఉంది. నిగనిగలాడే కాయను ఎంచి, గుడ్డపీలిక కట్టి, ఎవరడిగినా కోయరు. బీరకాయ తీగ మీదే ఎండి గలగలమనాలి. గింజలకు బూడిద పట్టించి పొయ్యి పైన ఉట్టిలో పెడితే ఆ పొగకు పురుగు చేరదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు కూడా బూడిద, వేపాకు, అలికిన బుట్టలతోనే పాత పంటల విత్తనాలు కాపాడుకొచ్చారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారికి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పనిని బడి మొహం చూడని దళిత మహిళలు చేసి చూపించారు!

మరి మన ఊళ్లలో జరుగుతున్నదేమిటి? గేటు దాకా టైల్స్, వాన చుక్క ఇంకడానికి జానెడు నేల ఉండదు. గోడకు ప్లాస్టిక్ తీగ వేలాడదీసి పచ్చదనమంటున్నారు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక రంగుల ప్యాకెట్లో హైబ్రిడ్ గింజ. మొదటి ఏడు విరగకాస్తుంది, దాని గింజ దాచి మళ్లీ వేస్తే అదే కాయ రాదు. ఏటా కొనాల్సిందే. ఏ కాలంలోనైనా కాసే పొట్టి చిక్కుడును మెచ్చుకునేవారు పుష్యమాసపు పాదుచిక్కుడు ఒక్కసారి తిని మాట్లాడాలి. విత్తనం దాచుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం రైతు హక్కని 2001 నాటి చట్టమే చెబుతోంది. హక్కు కాగితం మీద ఉంది, ఉట్టి ఖాళీగా ఉంది.

అయ్యలారా, అమ్మలారా, మీ ఊళ్లో పాత పందిరి ఉన్న ఇంటికి వెళ్లండి. ఆ పెద్దావిడను మృగశిరలోపే గుప్పెడు గింజలు అడగండి. ఎప్పుడు వేయాలో, ఏ కాయ ఉంచాలో ఆవిడ దగ్గరే నేర్చుకోండి. కాపులో ఒక కాయ ఎండనిచ్చి, పొరుగింటికీ పంచండి. బాల్కనీ తప్ప మరేమీ లేనివాళ్లు పెద్ద తొట్టిలో దొండ కొమ్మ గుచ్చండి, దానికి విత్తనమే అక్కర్లేదు.