వెలివాడ: ఒక ఉత్తర్వుకి తెలుగు

రోహిత్ వేముల చివరి ఉత్తరం గురించి మనవాళ్ళు చాలా రాశారు. అందులో కవిత్వం ఉందన్నారు. కార్ల్ సాగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్న కుర్రాడి వచనం అన్నారు. నిజమే. కానీ ఆ ఉత్తరం ఒక్కటే చదివితే సగం చదివినట్టే. దానికి ముందు ఇంకో మూడు పాఠాలున్నాయి: ఒక ఉత్తర్వు, ఒక వినతి, ఒక్క మాట.

2015 ఆగస్టులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కీ, ఏబీవీపీకీ మధ్య గొడవ. ఏబీవీపీ నాయకుణ్ణి కొట్టారని ఆరోపణ. వీళ్ళు కాదన్నారు. కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ ఢిల్లీకి ఉత్తరం రాశారు. డిసెంబరుకల్లా ఐదుగురు దళిత పరిశోధకులకి శిక్ష ఖరారైంది. క్లాసుకీ లైబ్రరీకీ వెళ్ళొచ్చు. హాస్టళ్ళలోకీ, పరిపాలనా భవనంలోకీ వెళ్ళకూడదు. నలుగురూ కూడే చోట్లకి గుంపుగా పోకూడదు. విద్యార్థి సంఘం ఎన్నికల్లో పాల్గొనకూడదు.

గొడవ జరిగితే విచారణ ఉండాల్సిందే, కాదనను. కానీ ఈ శిక్ష గీసిన పటం చూడండి. ఎక్కడ అడుగు పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో, ఎవరితో కలిసి నడవకూడదో. ఇందులో కులం పేరు అక్కర్లేదు, ఈ గీతలు మనకి పాతవే. సంఘాన్ని నిషేధించలేదు, నిజమే. కలిసి తిరగొద్దన్నాక సంఘం ఎక్కడ మిగులుతుంది?

డిసెంబరు 18న రోహిత్ వైస్ చాన్సలర్‌కి వినతి రాశాడు. దళిత విద్యార్థులకి అడ్మిషనప్పుడే విషం ఇవ్వండని అడిగాడు. అది చేదు వ్యంగ్యం. అధికారం దాన్ని కాగితంగా తీసుకుంది గానీ పాఠంగా చదవలేదు.

2016 జనవరి మొదట్లో గదులు ఖాళీ చేసి, పరుపులూ పుస్తకాలూ బయటికి తెచ్చి, ఆరుబయట గుడారం వేసుకున్నారు. దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. మా అనకాపల్లి వైపు పల్లెల్లో ఆ మాటకి బదులు 'పేట' అనే ఎక్కువగా వింటాం. అయినా ఆ పేరు వినగానే ఎవరికీ వివరించక్కర్లేదు. ఆఫీసు ఇంగ్లీషులో ఉన్న ఉత్తర్వుని ఒక్క తెలుగు మాటలో పెట్టేశారు. ఆ ఉత్తర్వు మీద అంతకన్నా మంచి విమర్శ నేను చదవలేదు.

గుంటూరు సీమవాడే జాషువా. 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు గబ్బిలంతో శివుడికి చెప్పి పంపాడు. రోహిత్‌కీ ఉత్తరాలే మిగిలాయి.

జనవరి 17న రాసిన చివరి ఉత్తరంలో తన చావుకి ఎవరూ కారణం కాదన్నాడు. ఆ వాక్యాన్ని సాక్ష్యంగా చూపించి చేతులు కడుక్కున్నవాళ్ళున్నారు. వాళ్ళ సంగతి సరే. మనం, ఆ ఉత్తరాన్ని ప్రేమించినవాళ్ళం కూడా, తెలియకుండా అదే పని చేశాం. నక్షత్రాలు చూసిన ఒంటరి కుర్రాణ్ణి తయారుచేసుకుని, అతని పక్కన పరుపులు మోసిన నలుగురినీ మర్చిపోయాం. అదే ఉత్తరంలో ఏడు నెలలుగా రావాల్సిన ఫెలోషిప్పు లెక్క కూడా ఉంది. దాన్ని ఎవరూ కవిత్వంగా చదవరు.

జనవరి 21న సస్పెన్షన్ ఎత్తేశారు, అతను పోయిన నాలుగు రోజులకి. నాలుగు రోజుల్లో ఎత్తేయగలిగింది అంతకుముందు ఎందుకు ఎత్తేయలేకపోయారు? రోహిత్ ఉత్తరాన్ని పాఠంగా చెప్పే మేష్టార్లకి నాదొక మనవి. ముందు ఆ ఉత్తర్వు చదివించండి, తర్వాత ఉత్తరం.