డ్రాప్ నొక్కకముందు

"రెస్పెక్టెడ్ మేడమ్, నేనొక కోర్సు డ్రాప్ చేయొచ్చా?"

అమెరికాలో ఏ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకైనా సెమిస్టర్ మధ్యలో ఇలాంటి మెయిల్ వస్తూనే ఉంటుంది. రాసింది అర్ధరాత్రి. ఉన్నది ఒకటే వాక్యం. కింద ఐడీ నంబరు కూడా ఉండదు. పొద్దున దాన్ని తెరిచిన ఆవిడ చేయొచ్చనీ చెప్పదు, వద్దనీ చెప్పదు. మూడు ప్రశ్నలు వేస్తుంది. ఇప్పటికే డ్రాప్ చేసేశావా? ఈ సెమిస్టర్‌లో ఇంకేం కోర్సులున్నాయి, వాటిలో ఆన్‌లైన్‌వి ఎన్ని? అసలెందుకు వదిలేద్దామనుకుంటున్నావు?

నేను చదువుకునే రోజుల్లో ఇలాంటి జవాబు చూసి ఒళ్లు మండింది. అడిగినదానికి చెప్పకుండా ఈ ఎదురు ప్రశ్నలేమిటని హాస్టల్ గదిలో అందరి ముందూ విసుక్కున్నాను. ఆ మూడింటిలో వృథా ప్రశ్న ఒక్కటీ లేదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఎఫ్-1 వీసా మీద బ్యాచిలర్స్ చదివేవాళ్లకు సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లుండాలి. మాస్టర్స్‌వాళ్లకు ఎన్నన్నది యూనివర్సిటీ నిర్ణయం, చాలాచోట్ల 9. మూడు కోర్సుల్లో ఒకటి వదిలితే 6 మిగులుతాయి, స్టేటస్ గాలిలో దీపమవుతుంది. తగ్గించుకునే దారులు లేకపోలేదు. కొత్తగా వచ్చినప్పుడు భాష ఇబ్బందైనా, ఇక్కడి బోధన తీరు అలవాటు కాకపోయినా, స్థాయికి మించిన కోర్సులో పడినా ఒక డిగ్రీలో ఒక్కసారికి అనుమతిస్తారు, అదీ సగం లోడుకు తగ్గకుండా. అనారోగ్యమైతే డాక్టరు ఉత్తరంతో మొత్తం 12 నెలల దాకా వీలుంది. ఆఖరి సెమిస్టర్‌లో మిగిలినవి మాత్రమే తీసుకున్నా సరే. అయితే ఏ దారిలో వెళ్లినా అనుమతి ముందు రావాలి, డ్రాప్ తర్వాత. ఆవిడ మొదటి ప్రశ్న దానికోసమే. పొద్దున అడిగితే ఒక ఫారంతో పోయేది సాయంత్రానికి ఉల్లంఘన అవుతుంది. రెండో ప్రశ్నకూ లెక్కుంది. ఆన్‌లైన్ కోర్సు సెమిస్టరుకు ఒక్కటే, అదీ 3 క్రెడిట్ల వరకే పూర్తి లోడులోకి వస్తుంది.

మూడో ప్రశ్న దగ్గర మాత్రం రూల్సు పుస్తకం పనికిరాదు. "సబ్జెక్టు కష్టంగా ఉంది మేడమ్" అంటాడు కుర్రాడు. మూడు నెలలుగా నిద్ర పట్టడం లేదని, మెస్ మానేసి బ్రెడ్డు మీద బతుకుతున్నాడని చెప్పడు. ఇంట్లో పొలమో ఫ్లాటో తాకట్టు పెట్టి పంపించారు. ఆరోగ్యం బాగాలేదనడం మనవాళ్లకు మార్కులు తగ్గాయనడం కన్నా నామోషీ. అక్కడ ఆవిడ జాగ్రత్త చూడాలి. "అనారోగ్యమని రాయి, పనైపోతుంది" అని నోటికి అందించకూడదు, అది అబద్ధానికి తోడు పోవడం. పైకి చెప్పినదాన్నే పట్టుకుని మొదటి దారిలో పంపిస్తే ఒక్కసారికే దొరికే ఆ అవకాశం కాస్తా ఖర్చయిపోతుంది, జబ్బు జబ్బుగానే ఉంటుంది. అందుకని కంప్యూటర్ తెర పక్కకు తిప్పి, "క్లాసు లేని రోజు ఏం చేస్తావు?" అంటుంది. ఊసుపోక అడిగినట్టే ఉంటుంది. కాసేపటికి నిజం బయటికొస్తుంది.

ఈ ఉద్యోగులను చట్టం భాషలో డీఎస్ఓలంటారు. అమెరికా పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో అయి ఉండాలి. 2001 దాడుల తర్వాత విదేశీ విద్యార్థుల వివరాలన్నీ ఒకే చోటికి చేరాలని ప్రభుత్వం పట్టుబట్టింది. అలా 2003 నుంచి సెవిస్ అనే కంప్యూటర్ వ్యవస్థ వాడకంలోకి వచ్చింది. దాంతో సలహా చెప్పే మనిషే సమాచారం పంపించే మనిషి కూడా అయ్యారు. టిష్యూ పెట్టె ముందుకు జరిపిన చేత్తోనే రికార్డు ముగించే బటన్ నొక్కాల్సి రావచ్చు. చదువు పూర్తయితే దేశం విడవడానికి 60 రోజులు, చెప్పి మానేస్తే 15, చెప్పకుండా మానేస్తే ఒక్క రోజూ లేదు. ఈ రెండు పాత్రల మధ్య నలిగిపోకుండా నిలబడే మంచి అధికారులు చేసేది చిన్న పని. విద్యార్థి నోరు విప్పకముందే "ఫలానా సంగతి నాకు తెలిస్తే నేను రిపోర్టు చేయక తప్పదు" అని చెప్పేస్తారు. ఆ మాటతో పిల్లలు బెదిరిపోతారనుకుంటాం. చాలామందికి నమ్మకం కుదిరేది అక్కడే.

ఇక ఓపీటీ, అంటే చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికిచ్చే అనుమతి, దాని లెక్క. కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి ముగిశాక 60 రోజుల దాకా దరఖాస్తు చేయొచ్చు. సెవిస్‌లో ఆవిడ సిఫారసు పెట్టిన 30 రోజుల్లోగా ఆ దరఖాస్తు ప్రభుత్వానికి చేరాలి. ఉద్యోగానికి మొదటి రోజు ఏదన్నది, కోర్సు ముగిశాక వచ్చే 60 రోజుల్లో, విద్యార్థే ఎంచుకోవాలి. చిక్కంతా ఆ తేదీలోనే. ఓపీటీలో ఖాళీగా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. తేదీ ముందుకు పెట్టుకుంటే ఉద్యోగం వెతుక్కునేలోపే ఆ రోజులు కరిగిపోతాయి. వెనక్కి పెట్టుకుంటే రమ్మన్న కంపెనీ ఆగుతుందో లేదో. ఒకసారి ఒకావిడ కాగితం మీద అడ్డంగా గీత గీసి, పెన్సిల్‌తో నాలుగు తేదీలు గుర్తుపెట్టి, కాగితం నావైపు తిప్పి ఊరుకుంది. ఏది మంచిదని ఎంత అడిగినా చెప్పలేదు. నా తరఫున ఆవిడ నిర్ణయించకూడదని అప్పుడు నాకు తెలియదు. గీత మాత్రం నిక్కచ్చిగా గీసింది.

చదువు సాగుతుండగా సీపీటీ పేరుతో చేసే ఫుల్‌టైమ్ ఇంటర్న్‌షిప్ 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ రాదు. అందుకే కొన్ని ఫైళ్లలో 364 రోజుల దగ్గర ఆగిపోయిన ఇంటర్న్‌షిప్‌లు కనిపిస్తాయి. చూసినవాళ్లకు నవ్వొస్తుంది. ఆ ఒక్క రోజును లెక్కపెట్టి కాపాడినవాళ్లున్నారు.

మన పేర్లతో వాళ్లు పడే పాట్లు వేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, పేరంతా రెండో గడిలో రాయించుకున్న తెలుగువాళ్లు బోలెడుమంది. ఆ ఖాళీని అమెరికా కాగితాలు ఒప్పుకోవు. పేరు మొత్తాన్ని ఇంటిపేరు కింద పెట్టి, మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ అని కొడతాయి, అంటే మొదటి పేరు తెలియదని. వెంకట నాగలక్ష్మి కాస్తా ఎఫ్ఎన్‌యూ అయి కూర్చుంటుంది. బ్యాంకు వాళ్లు అలాగే పిలుస్తారు, లైసెన్సు మీదా అదే పడుతుంది. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం తయారుచేసేటప్పుడే పాస్‌పోర్టు కాపీ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చే అధికారి ఆ అమ్మాయికి ఎన్ని క్యూలు తప్పించిందో లెక్కకు రాదు.

అందరూ ఇలాగే ఉంటారని నేననను. ఏమడిగినా "లాయర్‌ను సంప్రదించండి" అనే ఒక్క వాక్యం వెనక దాక్కునేవాళ్లున్నారు. రెండు వారాలకు గానీ మెయిల్‌కు జవాబివ్వని ఆఫీసులూ ఉన్నాయి. ఈలోపు పిల్లవాడు వాట్సాప్ గ్రూపులో సీనియర్ అన్నను అడిగేస్తాడు. అన్న చెప్పింది అన్న విషయంలో నిజమే, రెండేళ్ల కిందటి రూలు ప్రకారం. అయితే ఇటు నుంచీ చూడాలి. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అన్ని దేశాలకన్నా ఎక్కువ. ఆ అర్ధరాత్రి మెయిళ్లన్నీ వచ్చిపడేది ఈ బల్లల మీదే.

రూళ్లు కాళ్ల కింద కదిలిపోయిన రోజులూ వీళ్లు చూశారు. 2020 జులై 6న, పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు దేశంలో ఉండకూడదని ప్రభుత్వం ప్రకటించింది. 14న వెనక్కి తీసుకుంది. మధ్యలో ఎనిమిది రోజులు. 2025 ఏప్రిల్‌లో ఇంకో దెబ్బ. యూనివర్సిటీలకు ముందుగా చెప్పకుండా ఎందరో విద్యార్థుల సెవిస్ రికార్డులు రద్దయ్యాయి. చాలాచోట్ల ఆఫీసుల వాళ్లు రోజూ జాబితా తిరగేస్తేనే ఆ సంగతి బయటపడింది. కోర్టుల్లో కేసులు పడ్డాక నెలాఖరుకు రికార్డులు తిరిగి తెరిచారు. అంతవరకూ పొద్దున్నే లాగిన్ అయి పేర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ పోవడమే వాళ్ల పని. కనబడకుండా పోయిన పేరు దొరికితే ఆ పిల్లకు ఫోన్ చేసి ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా వాళ్లే తేల్చుకోవాలి.

డిసెంబరు రాగానే ట్రావెల్ సిగ్నేచర్ల రద్దీ. ఐ-20 రెండో పేజీలో ఒక సంతకం, తేదీ. చదువుతున్నవాళ్లకు ఏడాది పనిచేస్తుంది, ఓపీటీ మీద ఉన్నవాళ్లకు ఆరు నెలలు. ఇప్పుడు చాలాచోట్ల పీడీఎఫ్‌లోనే చేసి పంపుతున్నారు. నా రోజుల్లో కాగితం చేత్తో పట్టుకుని నిలబడేవాళ్లం. ఆవిడ పెన్ను మూత తీసి, సంతకం పెట్టకుండా పాస్‌పోర్టు అడిగింది. గడువు చూసింది. వీసా పేజీ తిప్పి, "ఇది జనవరి 3న అయిపోతోంది, నువ్వొచ్చేది 9న. వీసా స్టాంపింగ్‌కు స్లాట్ తీసుకున్నావా?" అంది.

తీసుకోలేదు. మూత మళ్లీ పెట్టేసి, పక్కనున్న కుర్చీ చూపించింది.