లైబ్రరీల గుంపు, వెర్షన్ల కట్టడి

జావా ప్రోగ్రాములను బిల్డ్ చేసే గ్రేడిల్ అనే సాధనంలో, తరచుగా కలిపి వాడే లైబ్రరీలను ఒకే పేరు కింద చేర్చే ఏర్పాటును బండిల్ అంటారు. ఆ పేర్లూ వెర్షన్లూ వెర్షన్ కేటలాగ్ అనే ఒక్క ఫైలులో ఉంటాయి. 2022లో వచ్చిన గ్రేడిల్ 7.4తో ప్రయోగదశ దాటిన ఈ సదుపాయం, ఒకే ప్రాజెక్టులోని వేర్వేరు మాడ్యూళ్లు ఒకే లైబ్రరీకి వేర్వేరు వెర్షన్లు రాసుకునే దురలవాటును మాన్పించగలదు కనుక, వరంగల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల్లో అలాంటి ఫైళ్లు కనిపించడం సంతోషకరం.

అయితే కాకతీయుల గొలుసుకట్టు చెరువుల మాట ఇక్కడ ఎత్తక తప్పదు. ఎగువ చెరువు అలుగు పారితే దిగువ చెరువు నిండుతుంది, ఎగువ కట్ట తెగితే దిగువ కట్టకూ ముప్పు వస్తుంది. అందుచేత తన చెరువును మాత్రమే చూసుకుంటే ఏ ఊరికీ రక్షణ లేదు. ఒక లైబ్రరీ తనతోపాటు లాక్కొచ్చే ఇతర లైబ్రరీలు, అంటే పరోక్ష డిపెండెన్సీలు, సరిగ్గా ఇలాంటివే. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో తీవ్రమైన భద్రతా లోపం బయటపడినప్పుడు, దాని పేరు తమ బిల్డ్ ఫైలులో ఎన్నడూ రాయని బృందాలు సైతం తమ ప్రాజెక్టుల్లో దాన్ని వెతుక్కోవలసి వచ్చింది.

కేటలాగ్‌లో లాగ్‌ఫోర్‌జేకు 2.17.1 అని రాసినంత మాత్రాన, మరో లైబ్రరీ వెంట వచ్చిన 2.14.1 మారదు, కేటలాగ్ చిరునామా చెబుతుందే తప్ప ఆజ్ఞ జారీ చేయదు. పరోక్షంగా వచ్చేవాటికీ వర్తించే వెర్షన్ నిబంధనను పెట్టేది ప్లాట్‌ఫారం. మావెన్ అనే మరో బిల్డ్ సాధనంలో ఆ పని చేసే పట్టికను బామ్ అంటారు, దాన్ని గ్రేడిల్ కూడా ప్లాట్‌ఫారంగా స్వీకరిస్తుంది. బండిల్ చేసేది టైపింగ్ తగ్గించడం మాత్రమే; పైగా ఒక్క లైబ్రరీ చాలిన మాడ్యూల్‌కు అయిదింటిని అంటగట్టి, ఏది ఎందుకు వచ్చిందో కనబడకుండా చేస్తుంది. కనుక వెర్షన్లు ఒకేచోట ఉండాలి, డిపెండెన్సీలు మాత్రం ఏ మాడ్యూల్‌కు కావలసినవి ఆ మాడ్యూల్‌లోనే విడివిడిగా రాయాలి. విడదీస్తే పనిచేయని లైబ్రరీలకు తప్ప బండిల్ వద్దు.

విద్యార్థులు కొత్త బండిల్ కట్టే ముందు, గ్రేడిల్‌లోని డిపెండెన్సీస్ టాస్క్‌ను ఒకసారి నడిపి, వచ్చిన జాబితాను చివరి వరుస దాకా చదవాలని విన్నపం.